కజిరంగలో వరద చేసే పని

ఫిబ్రవరిలో అస్సాంలోని కజిరంగ జాతీయ ఉద్యానవనానికి వెళ్లినప్పుడు, బాగోరి రేంజిలో జీపు దారికి రెండు వైపులా గడ్డి కాలి నల్లబడిన నేలను చూసి మొదట కలవరపడ్డాను. ఏటా చలికాలంలో అటవీ శాఖవారే ఆ గడ్డిని విడతలవారీగా తగలబెడతారనీ, లేకుంటే బూరుగు వంటి చెట్లు అల్లుకుపోయి మైదానం క్రమంగా అడవిగా మారుతుందనీ గైడు వివరించాడు. ఆ మసిలోంచి లేచిన పిలకలను మూడు ఖడ్గమృగాలు తలెత్తకుండా మేస్తున్నాయి.

కాల్చని చోట ఏనుగును సైతం దాచగలిగేంత ఎత్తున గడ్డి ఉంది. అందులో మన గోదావరి లంకల్లో పెరిగే రెల్లు కూడా ఉండడం నాకు ఎంతో ఆత్మీయంగా తోచింది. గడ్డి నడుమ అక్కడివారు బీల్ అని పిలిచే మడుగులుంటాయి. అడవి నీటిదున్నలు, బారసింగాలు, వలస బాతులు వాటినే ఆశ్రయించి బతుకుతాయి. బ్రహ్మపుత్ర పొంగినప్పుడే ఈ మడుగుల్లోకి కొత్త నీరూ చేపలూ చేరతాయి, గుర్రపుడెక్క కొట్టుకుపోతుంది, గడ్డి నేలకు ఒండ్రు అందుతుంది. వరదే లేకపోతే ఈ మైదానం ఇలా నిలిచేది కాదు.

1908లో రిజర్వు అడవిగా, 1974లో జాతీయ ఉద్యానవనంగా మారిన ఈ నేలపై 2022 గణనలో 2,613 ఖడ్గమృగాలు లెక్కకు వచ్చాయి. ఒంటికొమ్ము ఖడ్గమృగాలు ప్రపంచంలో మరెక్కడా ఇన్ని లేవు. అయినా పెద్ద వరద వస్తే, 2017లోనూ 2024లోనూ జరిగినట్లు, వందల జంతువులు చనిపోతాయి. వాటికోసం లోపల ఎత్తైన మట్టి దిబ్బలు కట్టారు గానీ, అనాదిగా అవి తలదాచుకునేది దక్షిణాన ఉన్న కార్బీ ఆంగ్లాంగ్ కొండల్లోనే. ఆ కొండలకు చేరాలంటే జాతీయ రహదారి దాటాలి. ఆపైన తేయాకు తోటల మధ్య మిగిలిన పాన్‌బారి, హల్దీబారి వంటి సన్నని దారులను పట్టుకోవాలి. 2019లో సుప్రీంకోర్టు ఈ ప్రాంతంలో గనుల తవ్వకాన్ని నిషేధించింది. వరద రోజుల్లో వాహనాల వేగానికీ కట్టడి ఉంటుంది. రెండూ ఎంతో అవసరమైనవే. కానీ రహదారి పక్కన వరుసగా కనిపించిన ప్రహరీ గోడలు నన్ను ఇప్పటికీ బాధిస్తున్నాయి, ఎందుకంటే నీటికి వెన్ను చూపి పరుగెత్తే జింకపిల్లకు అవతలి కొండ కనబడుతూనే ఉంటుంది.