జ్ఞానాపురం వైపు దిగాలి

"నువ్వొచ్చావేటే? ఫాదరుగారు రాలేదా?"

మా వీధి చివర రేకుల ఇంట్లో ఉండే మామ్మ ఆ మాట అనేసరికి నేను గుమ్మంలోనే ఆగిపోయాను. నా మెళ్ళో తాడుకి పిక్స్ ఉంది. కుంకుమ భరిణెంత ఉంటుంది, గుండ్రటి మూత డబ్బీ. అందులో మామ్మ కోసం తెచ్చిన దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో క్రీస్తు శరీరమని మేం పుచ్చుకునే అప్పం. "ఫాదర్ గారు వేరే ఊరు వెళ్ళారు మామ్మగారూ, నన్ను పంపారు" అన్నాను. ఆవిడ నా చేతుల వంక చూసింది. "జాకెట్లు కుట్టే చేత్తోనా? వద్దులేమ్మా. ఆయనొచ్చినప్పుడే పుచ్చుకుంటాను" అని గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు. ఇరవై ఏళ్ళుగా మిషన్ కుడుతున్నాను, ఎడమచేతి చూపుడువేలి కొస సూది పోట్లతో గరుకు తేలిపోయింది. ఆ రోజు పిక్స్‌తో తిరిగి చర్చికి వెళ్ళి, సత్ప్రసాదాన్ని మందసంలో పెట్టి తాళం వేసి, బయటి అరుగు మీద కూర్చుని ఏడ్చాను. కోపంతోనే ఏడ్చానని ఇప్పుడు ఒప్పుకుంటాను.

మాది తుని దగ్గర పల్లె. మా విచారణ గురువులకి, అంటే ఫాదర్ గారికి, చాలా ఊళ్ళున్నాయి, ప్రతి ఆదివారం మా ఊరు రాలేరు. ఆయన రాని వారాల్లో ఉపదేశిగారు ప్రార్థన నడిపితే సత్ప్రసాదం పంచేది నేను, రిటైరైన ఒక మాస్టారు. మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకి తీసుకెళ్ళేదీ మేమే. మాలాంటి వాళ్ళందరికీ విశాఖలో ఒక రోజు సమావేశం ఉందని నవంబరులో కబురొచ్చింది. నాకు వెళ్ళాలని లేదు, ఈ పని మానేస్తానని చెప్పేద్దామనే ఉంది. ఆ చెప్పేదేదో కన్యమరియమ్మ కొండెక్కాక చెబుదాంలే అని బయల్దేరాను. అందుకే దీన్ని సమావేశం అనకుండా యాత్ర అంటున్నాను.

చీకటితోనే రైలెక్కాం. నర్సీపట్నం రోడ్డు, ఎలమంచిలి, అనకాపల్లి, దువ్వాడ. మాస్టారు దారంతా జపమాల తిప్పుతూనే ఉన్నారు, మధ్యలో ఒక్క అనకాపల్లిలో ఆపి టీ తాగారు. విశాఖ స్టేషన్లో అందరూ ఒకటో నంబరు ప్లాట్‌ఫాం వైపు పరుగెడుతుంటే ఆయన నా సంచి పట్టుకుని ఆపారు. "అటు కాదమ్మా. మనం జ్ఞానాపురం వైపు దిగాలి."

స్టేషన్‌కి ఆ వెనకవైపు గేటు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. బయటికొస్తే బీచ్ ఫొటోల్లో చూసే విశాఖ ఏమీ కనపడదు. హోల్‌సేల్ కూరగాయల మార్కెట్, లారీల మీంచి దించుతున్న బస్తాలు, తడిసిన కొత్తిమీర వాసన, అడ్డం వచ్చావంటే అరిచే కూలీలు. అక్కడి నుంచి నడిచే దూరంలోనే పేతురుగారి కథెడ్రల్. ఊళ్ళో మా చర్చి పక్కన కళ్ళాలు ఉన్నట్టే ఇక్కడ ఆర్చిబిషప్పుగారి అగ్రపీఠం గుడి పక్కన ఉల్లిపాయల బస్తాలున్నాయి. నా బెరుకు అక్కడ కొంచెం తగ్గింది.

పొద్దున్న మొదటి ప్రసంగంలో ఈ పీఠం చరిత్ర చెప్పారు. ఫ్రాన్సిస్ దె సాల్స్ సభ గురువులు ఆన్సీ అనే ఊరి నుంచి బయల్దేరి 1846లో విశాఖ చేరారట. 1886లో విశాఖ మేత్రాసనం, అంటే ఒక బిషప్పుగారి పాలనలో ఉండే ప్రాంతం అయింది, 2001లో అగ్రపీఠం అయింది. ఇవన్నీ రాసుకున్నాను కానీ నా మనసు వేరేచోట ఉంది. నాకు కావాల్సింది మామ్మకి చెప్పే జవాబు.

అది టీ తర్వాత రెండో ప్రసంగంలో, జవాబులా కాకుండా, నాకే చురకలా దొరికింది. మమ్మల్ని ఇంగ్లీషులో ఎక్స్‌ట్రార్డినరీ మినిస్టర్లు అంటారు. మాలో కొందరికి ఆ మాట వింటే ఛాతీ ఒక అంగుళం పెరుగుతుంది. ఫాదర్ గారు నవ్వేసి, "అసాధారణ అంటే మీరేదో గొప్పవాళ్ళని కాదు. సత్ప్రసాదం పంచడం పీఠాధిపతి అయిన బిషప్పు, గురువు, గురువు తర్వాతి మెట్టులో ఉండే డీకను చేయాల్సిన పని. వాళ్ళు లేనప్పుడో, చాలనప్పుడో మీరు. ఇంట్లో పెద్దవాళ్ళు లేనప్పుడు వచ్చిన చుట్టానికి పిల్లవాడు మంచినీళ్ళిస్తాడు చూశారా, అదీ సంగతి" అన్నారు. అంటే ఫాదర్ గారే రావాలన్న మామ్మ అడగకూడనిదేమీ అడగలేదు. తన హక్కే అడిగింది. ఇది నాకు రుచించలేదు, కానీ నిజం.

ఆయన చెప్పిన ఇంకో సంగతి మాత్రం రుచించింది. ఈ సేవ గురువులు కాని గృహస్థులకి ఇవ్వొచ్చని ఆరో పౌలు పోపుగారి కాలంలో, 1973 జనవరి 29న ఉత్తర్వు వచ్చింది. అందులో ఆడవాళ్ళూ ఉన్నారు. నేను పుట్టకముందు సంగతి. మా ఊళ్ళో మాత్రం నిన్నగాక మొన్న వచ్చిన వింతలా చూస్తారు. పూజకి రాలేనివాళ్ళకి ఇంటికి పంపడం దానికంటే చాలా పాతదట. రెండో శతాబ్దంలో విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన జస్టిన్ అనే వేదసాక్షి, డీకనులు సత్ప్రసాదాన్ని రాలేనివాళ్ళ ఇళ్ళకి తీసుకెళ్ళేవారని రాసిపెట్టాడు. తార్సిసియస్ కథ కూడా చెప్పారు. రోములో చెరసాలలో ఉన్నవాళ్ళకి సత్ప్రసాదం తీసుకెళ్తూ, గుంపు కొడుతున్నా అది మాత్రం ఇవ్వకుండా చనిపోయిన కుర్రవాడు. నన్ను ఎవరూ కొట్టలేదు కదా, ఒక్క మాటన్నారు, అంతే.

తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. హాలు మేలుకున్నది అప్పుడే. రాజమండ్రి నుంచి వచ్చిన ఒకాయన లేచి, "రోగి ఇంటికి వెళ్ళే దారిలో రేషన్ షాపు ఉంది, క్యూ తక్కువుంటే తీసుకుని వెళ్ళొచ్చా?" అని అమాయకంగా అడిగారు. అందరూ నవ్వారు గానీ నేను తల దించుకున్నాను. పిక్స్ మెళ్ళో ఉండగానే ఒకసారి దారిలో ఆగి బ్లౌజు ఆది తీసుకున్నదాన్ని నేను. చర్చి నుంచి సరాసరి ఆ ఇంటికే వెళ్ళాలి, దారిలో కబుర్లు కూడా వద్దు అన్నారు. మింగలేని రోగికి చిన్న ముక్క చాలు, తర్వాత కాసిన్ని నీళ్ళు ఇవ్వొచ్చు. పుచ్చుకునే ముందు గంట ఉపవాసం మనకే గానీ ముసలివాళ్ళకీ రోగులకీ వాళ్ళని చూసుకునేవాళ్ళకీ లేదు. తలమీద చెయ్యిపెట్టి దీవించడం మన పని కాదు. రోగికి పవిత్ర తైలం పూసే అవస్థ అభ్యంగనం గురువు మాత్రమే చేయాలి, ప్రాణం మీదికొస్తోందనిపిస్తే ఆలస్యం చెయ్యకుండా ఫాదర్ గారికి ఫోన్ చెయ్యాలి.

కింద పడితే ఏం చెయ్యాలన్న ప్రశ్న నేనే అడగాలనుకుని అడగలేకపోయాను. నా పక్కన కూర్చున్న అమ్మాయి అడిగింది. భక్తితో తీసుకోవాలి, పడినచోటు నీళ్ళతో కడగాలి, ఆ నీళ్ళు మామూలు తూములో పొయ్యకుండా దానికని ఉన్న చోటనో, ఎవరూ తొక్కని మట్టిలోనో పొయ్యాలి. ఆ అమ్మాయి ఊపిరి వదిలిన తీరు చూస్తే తన చేతిలోంచీ ఎప్పుడో పడిందనిపించింది.

మధ్యాహ్నం భోజనం బాగుంది. వంకాయ కూరలో కారం ఎక్కువైంది, అంతే.

భోజనం తర్వాత ఒక సిస్టర్ గారు బలిపీఠం మీద పరిచే గుడ్డలు తెచ్చి చూపించారు. ఇక్కడ మాత్రం నేను రాసుకోవడం ఆపేసి దగ్గరికి వెళ్ళాను. ఆ గుడ్డని కార్పొరల్ అంటారు. చదరంగా ఉంటుంది. అటు మూడు, ఇటు మూడు మడతలు, విప్పితే తొమ్మిది గళ్ళు. మడతలన్నీ లోపలికే ఉండాలి, ఎందుకంటే సత్ప్రసాదం రవ్వ ఏదన్నా రాలితే ఆ గుడ్డలోనే ఉండాలి, బయటికి జారకూడదు. ఉతికేటప్పుడు మొదట జాడించిన నీళ్ళు కూడా మట్టిలోకే. నేను ఇన్నాళ్ళూ దాన్ని టేబుల్ గుడ్డలా దులిపి పరిచేదాన్ని. సిస్టర్ గారు చూపించినదాంట్లో నడిమధ్యన దట్టంగా ఎంబ్రాయిడరీ చేసిన శిలువ ఉంది. "సిస్టర్, పని చాలా బాగుంది కానీ మధ్యలో ఇంత ఎత్తుగా కుడితే పాత్ర నిలకడగా ఉండదు. రవ్వలు దారాల మధ్యన ఇరుక్కుంటాయి. శిలువ అంచు దగ్గర చిన్నగా వేసి, అంచుని సన్నగా మడిచి చేత్తో హెమ్మింగ్ చేస్తే బాగుంటుంది" అన్నాను. అన్నాక భయమేసింది. ఆవిడ గుడ్డని వెలుతురుకి ఎత్తి చూసి, "మా కాన్వెంటుకి నాలుగు కుట్టిస్తావా?" అని అడిగారు.

మానేస్తానన్న మాట ఇక అక్కడ నోటికి రాలేదు.

సమావేశం నాలుగింటికి ముగిసింది. కొందరం ఆటోలు మాట్లాడుకుని కాన్వెంట్ జంక్షన్ మీదుగా పాత ఊరివైపు వెళ్ళాం. పోర్టు దగ్గర మూడు కొండలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదానిమీద వేంకటేశ్వరస్వామి గుడి, ఒకదానిమీద ఇషాక్ మదీనా దర్గా, ఇంకోదానిమీద మా కన్యమరియమ్మ గుడి. రాస్ హిల్ అంటారు. రాస్ అనే దొర 1864లో అక్కడ ఇల్లు కట్టుకుంటే తర్వాత అదే గుడి అయిందట. అప్పట్లో రేవులోకి వచ్చే ఓడలు దర్గా వైపు జెండా దించి ఎత్తి సలాం చేసేవని మాస్టారు ఆయాసపడుతూనే చెప్పారు.

డిసెంబర్ 8 పండుగ దగ్గర పడుతోంది. పైన సున్నాలు వేస్తున్నారు. గుళ్ళో మోకరించాను గానీ పెద్దగా ఏమీ అడగలేదు. అడగాల్సినవి రైల్లోనే అడిగేశాను. బయటికొచ్చి గోడ దగ్గర నిలబడితే కింద పోర్టు క్రేన్లు, కాలువలో నెమ్మదిగా లోపలికొస్తున్న ఓడ, ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ. అంత పెద్ద ఓడని రెండు చిన్న పడవలు లాక్కొస్తున్నాయి. చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాను. మాస్టారు రైలు టైమైందని రెండుసార్లు పిలిచారు.

రెండు రోజుల తర్వాత మామ్మ ఇంటికి వెళ్ళాను. ఉత్త చేతులతోనే వెళ్ళాను. ముందు మనిషిని చూసి, కావాలంటేనే తీసుకెళ్ళమని సమావేశంలో చెప్పారు. ఆవిడ నా మెడ వంక చూసింది.

"తేలేదేటే?"

"మీరు అడిగితేనే తెస్తాను మామ్మగారూ. నిన్నగాక మొన్న విశాఖ వెళ్ళొచ్చాను. కొండెక్కాను."

మామ్మ లేచి కూర్చోబోయింది, నేను వీపుకి దిండు పెట్టాను. పెళ్ళి కాకముందు వాళ్ళ నాన్నతో పండుగకి వెళ్ళిందట. మెట్లెలా ఉన్నాయి, పైనుంచి ఓడలు కనబడుతున్నాయా, అమ్మకి ఏ రంగు చీర కట్టారు అని వరసగా అడిగింది. చీర రంగు నేను గమనించలేదు. బట్టలు కుట్టేదానివి, అదే చూడలేదా అని తిట్టింది. ఇద్దరం పరలోక జపం చెప్పుకున్నాం. నేను లేచి గుమ్మం దాకా వచ్చాక వెనకనుంచి అడిగింది.

"ఆదివారం ప్రార్థన ఎన్నింటికి అయిపోద్ది?"

"తొమ్మిదింటికి."

"అయితే ఎనిమిదిలోపే కాఫీ తాగేస్తాను."

"మీకు ఆ నియమం లేదు మామ్మగారూ. పెద్దవాళ్ళకి అక్కర్లేదని చెప్పారు."

"నీకు వాళ్ళు చెప్పారేమో. మా అమ్మ అర్ధరాత్రి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టనిచ్చేది కాదు" అంది మామ్మ.