సగం గీతలు

ఆదివారం, రాయగడ.

బట్టలు ఉతుక్కోవడం, మధ్యాహ్నం కాస్త నడుం వాల్చడం, సాయంత్రం మజ్జిగౌరమ్మ గుడికి వెళ్ళి రావడం. ఈ రోజుకు నేను వేసుకున్న లెక్క ఇంతే. ఎనిమిది కాకుండానే పిన్ని వచ్చింది. చంకలో యూరియా సంచి. సంచిలో చుట్టలు చుట్టిన పాత క్యాలెండర్లు.

సొంత పిన్ని కాదు. మా ఆఫీసు ఊడ్చే పిన్ని. పోయిన నెల వరకూ ఊడ్చిన పిన్ని అనాలి. ఆఫీసుకు మనుషుల్ని సరఫరా చేసే ఏజెన్సీ మారింది, కొత్త ఏజెన్సీ జాబితాలో ఆమె పేరు లేదు. ఎందుకని అడిగితే యాభై దాటినవాళ్ళను తీసుకోవడం లేదన్నారట. అదే మాట కాగితం మీద రాసివ్వమంటే నవ్వారట. పిన్నికి యాభై రెండు. అదే వరండాలో అవతలి సగం ఊడ్చే రెగ్యులర్ స్వీపరుకు యాభై ఏడు. ఒడిశాలో 2014 నుంచి సర్కారు ఉద్యోగికి విరమణ వయసు అరవై కాబట్టి ఆయనకు ఇంకా మూడేళ్ళు ఢోకా లేదు. చీపురు ఒకటే, వరండా ఒకటే, ముసలితనం మాత్రం పిన్నికి పదేళ్ళు ముందే వచ్చేసింది.

నా సంగతీ అంతకంటే ఘనం కాదు. నేనూ ఏజెన్సీ మనిషినే. నా పీఎఫ్ పాస్‌బుక్కులో మూడు ఏజెన్సీల పేర్లున్నాయి, ఆఫీసులో మాత్రం ఎప్పుడూ ఒకటే కుర్చీ. దాని ఎడమకాలు కింద మడిచిన అట్టముక్క కూడా పాతదే. పక్క కుర్చీలో జూనియర్ అసిస్టెంటు చేసే ఎంట్రీలే నేనూ చేస్తాను. ఆయన సెలవు పెడితే ఆయనవీ నేనే చేస్తాను. ఆయన సంతకం చేసేది బడబాబు, అంటే హెడ్ క్లర్కు, టేబుల్ మీది రిజిస్టరులో, మేం చేసేది కిటికీ గూట్లో ఉండే పొడుగు నోట్‌బుక్కులో. నోట్‌బుక్కు అయిపోయాక ఎక్కడికి పోతుందో నేను ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ ఆలోచన పుట్టించింది వకీలు గారు.

మొన్న గురువారం పర్మిషన్ పెట్టి పిన్నిని ఆయన దగ్గరకు తీసుకెళ్ళాను. ఆయనదీ మా పార్వతీపురం వైపే. వయసు వివక్ష, అన్యాయం అని నేను ఆవేశంగా మొదలుపెట్టాను. ఆయన అంతా విని, "అమ్మా, అన్యాయమని జడ్జి గారికి కూడా తెలుస్తుంది. ఈవిడ అక్కడ పనిచేసిందని కాగితం చూపించు" అన్నారు. ఏజెన్సీ వచ్చింది 2014లో. దానికి ముందు ఏడేళ్ళు, 2007 నుంచి, ఆఫీసే నేరుగా దినకూలీగా పెట్టుకుని వోచరు మీద వేలిముద్ర వేయించుకుని డబ్బులిచ్చింది. ఆ ఏడేళ్ళు రుజువైతే ఏజెన్సీ అనేది పేరుకు వేసిన ముసుగని వాదించవచ్చట. రుజువు కావాలంటే ఏడాదికి 240 రోజులు చూపించాలి. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉన్న ఈ 240, 2025 నవంబరులో అమలుకు వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లోనూ అలాగే ఉంది. పనిచేశానని తనకు తాను ప్రమాణపత్రం రాసిస్తే చాలదని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. దినకూలీలకు నియామక పత్రమో జీతం చీటీయో ఎక్కడుంటుంది, వాళ్ళు అడిగితే హాజరు పట్టీలు, అదే మస్టర్ రోల్స్, తెచ్చి చూపించాల్సింది యజమానే కదా అని 2005 నాటి ఇంకో తీర్పు ఉంది. "అడుగుదాం. చెదలు తినేశాయంటారు. దానికంటే ముందు అసలు మా ఆఫీసు పరిశ్రమే కాదు, ఆ చట్టం మాకు వర్తించదంటారు. నీ దగ్గర ఏముంది?" అన్నారు పిన్ని వైపు తిరిగి.

పిన్ని కాసేపు ఆలోచించి, "క్యాలెండర్లు ఉన్నాయి బాబూ" అంది.

పార్వతీపురంలో ఒక కిరాణా కొట్టువాళ్ళు ఏటా ఉచితంగా ఇచ్చే క్యాలెండర్లు అవి. వాటిని నేల మీద పరిచి నాలుగు మూలలా గ్లాసులు పెట్టాను. ప్రతి తేదీ గడిలో పైన పాల లెక్క, కింద పెన్సిల్ గీత. నిలువు గీత అంటే ఆఫీసుకు వెళ్ళిన రోజు. సున్నా అంటే వెళ్ళని రోజు, డబ్బు రాని రోజు. ఒడియావాళ్ళ పండుగ రజ సంక్రాంతికి రెగ్యులర్ వాళ్ళకు సెలవు, పిన్నికి సున్నా. మన సంక్రాంతికి ఆఫీసు సెలవిచ్చినా ఇవ్వకపోయినా పిన్నికి సున్నాయే. నెల చివర రాశిఫలాల పక్కన మొత్తం వేసి ఉంటుంది. అంకెలు వాళ్ళబ్బాయి చేతివ్రాత, గీతలు మాత్రం ఆమెవి. కొన్ని గీతలు కాగితం చిరిగేంత గట్టిగా ఉన్నాయి. లేబర్ ఆఫీసులో తెలుగు చదివేవాళ్ళు ఉండరు, నెలల పేర్లన్నీ ఒడియాలో రాసి జతచేయాలి. అది రాత్రికి చేయవచ్చని లెక్క మొదలుపెట్టాం.

2007, 2008, 2009 సాఫీగా దాటాయి. 2012 దగ్గర ఆగిపోయాను. నిండు గీతలు 231. అవి కాక పద్నాలుగు చోట్ల గడి మధ్యకు వచ్చి ఆగిపోయిన గీతలు. మిగతా ఏళ్ళలో ఇవి లేవు.

"ఇవేమిటి పిన్నీ?"

"అవి సగం గీతలు."

"సగం అంటే?"

"ఆ ఏడు వచ్చిన సాహెబు ఆఫీసు ఊడవగానే క్వార్టర్సుకు పంపేవాడు. అంట్లు, బట్టలు, పిల్లవాణ్ణి బడికి దింపడం. అది ఆఫీసు పని కాదు కదా తల్లీ, నిండు గీత ఎలా పెడతాను?"

నాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. సగాలను సగాలుగానే లెక్కేస్తే 238. ఒక్కో సగాన్ని రోజుగా లెక్కేస్తే 245. పొద్దున ఆఫీసు ఊడ్చింది, ఆఫీసు సాహెబు పంపితేనే వెళ్ళింది, వేరే చోటికి పనికి పోలేదు. నిక్షేపంగా అవి పద్నాలుగు రోజులే. అలాగే చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు. "ఆ అమ్మగారు దసరాకు చీర పెట్టింది. ఆ పనికి అది చెల్లిపోయింది. ఒకే పనికి రెండు సార్లు ఎలా పుచ్చుకుంటాను?" అంది. ఊడ్చిన రోజును ఊడ్చినట్టు రాసుకోని ఆఫీసు అటు, పెట్టిన చీరను కూడా జమ రాసుకున్న మనిషి ఇటు. మధ్యలో నేను పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను.

టీ పెట్టాను. టీ తాగుతూ, దాచుకున్న పేపరు కత్తిరింపు చదివి వినిపించాను. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు జగ్గో కేసులో ఇచ్చిన తీర్పు అది. కేంద్ర జల సంఘంలో ఏళ్ళ తరబడి ఊడ్చి, తుడిచి, మొక్కలకు నీళ్ళు పోసినవాళ్ళను 2018లో ఒక్క దెబ్బన తీసేశారు. పేరుకు పార్ట్ టైమ్. తీసేశాక అదే పనిని బయటి ఏజెన్సీకి అప్పగించారు. వాళ్ళను తిరిగి తీసుకుని పర్మనెంటు చేయమంది కోర్టు. దొడ్డిదారి నియామకాలను ఆపడానికి ఇచ్చిన 2006 నాటి ఉమాదేవి తీర్పును, దశాబ్దాలుగా పనిచేసినవాళ్ళ మీద ఆయుధంగా వాడుతున్నారని కూడా తప్పుపట్టింది. పిన్ని అంతా విని, "వాళ్ళకు మధ్యలో ఏజెన్సీ ఉందా?" అని అడిగింది. లేదు, సంఘమే నేరుగా పెట్టుకుంది. వకీలు గారు కూడా ఇదే అడ్డంకి అన్నారు. చదువు లేని పిన్ని ఒక్క ప్రశ్నతో అక్కడికి వచ్చేసింది. ఆఫీసు గోడలు చాలా నేర్పుతాయి.

2022 అక్టోబరులో కూడా ఇదే తేడా. ముఖ్యమంత్రి నవీన్ పట్నాయక్ కాంట్రాక్టు నియామకాల పద్ధతినే రద్దు చేస్తున్నామని, 57 వేల మందికి పైగా రెగ్యులర్ అవుతారని ప్రకటించారు. మా ఆఫీసులో టపాకాయలు కాల్చారు, ఛెనాపొడ మిఠాయి పంచారు. మేమూ తిన్నాం, బాగుంది. సాయంత్రం బడబాబు చల్లగా చెప్పారు, అది కాంట్రాక్టు వాళ్ళకు, మీరు అవుట్‌సోర్సింగ్ అని. ఆ రెండు మాటలకు తేడా ఉందని అప్పటిదాకా మాలో సగం మందికి తెలియదు.

మళ్ళీ లెక్కకు కూర్చున్నాం. చివరికి ఒక రాజీ కుదిరింది. సగం గీతలకు వేరే గడి కట్టి, ఆ రోజు ఎవరు ఎక్కడికి పంపారో ఉన్నది ఉన్నట్టు రాస్తాం. రోజా, సగమా అన్నది కోర్టు చూసుకుంటుంది. వకీలు గారికి ఇది నచ్చదని నాకు తెలుసు. చీర సంగతి మాత్రం రాయనని గట్టిగా చెప్పాను. పిన్ని మాట్లాడలేదు.

అప్పుడు గమనించాను, 2010 లేదు. సంచి బోర్లించి దులిపినా లేదు. పిన్ని నుదురు కొట్టుకుంది. ఆ ఏడాది క్యాలెండరు కాగితం మందంగా ఉందని చింపి అబ్బాయి పుస్తకాలకు అట్టలు వేసిందట. పుస్తకాలు ఎప్పుడో పాత కాగితాలవాడికి తూకానికి వేసేశారు. భోజనానికి ఉండమన్నా ఉండకుండా, అటక మీద ఇంకేమైనా మిగిలాయేమో చూస్తానని వెళ్ళింది.

సాయంత్రం ఆరింటికి, నేను 2013 మొత్తాలు మళ్ళీ కూడుతుంటే మనవరాలి చేత ఒక పుస్తకం పంపింది. ఒడియా గణితం, ఆరో తరగతి. వెన్ను ఊడిపోయింది, అట్ట మాత్రం గట్టిగా ఉంది. అట్ట విప్పితే లోపలివైపు మార్చి నెల. గడులన్నీ ఉన్నాయి, చివరి వరుస ఒక్కటే జిగురుకు అంటుకుపోయింది. దాన్ని ఇప్పుడు తడిగుడ్డ మీద నానబెట్టాను.