బేరియం-133 తో జాగ్రత్త

ఈ వారం గామా ఉద్గార సంభావ్యతల, అంటే ఒక్కో అణు క్షయానికి ఫలానా శక్తి గల గామా కిరణం వెలువడే అవకాశాల, లెక్కల్లోనే మునిగి ఉన్నాం. సూత్రం చిన్నదే: స్పెక్ట్రమ్‌లో ఆ శక్తి దగ్గర లేచే పీక్‌లో నికర కౌంట్లను (నేపథ్యం తీసేశాక మిగిలినవి) యాక్టివిటీ (సెకనుకు జరిగే క్షయాలు), డిటెక్టర్ సామర్థ్యం (వెలువడిన కిరణాల్లో పీక్‌లో నమోదయ్యే వంతు), లైవ్ టైమ్ (డిటెక్టర్ నిజంగా లెక్కించిన సమయం)ల లబ్ధంతో భాగించాలి. తిప్పలు పెట్టేది బేరియం-133 అనే రేడియోధార్మిక ఐసోటోపు.

సోర్స్‌ను జెర్మేనియం డిటెక్టర్ మూతకు ఆనించి పెడితే కౌంట్లు దండిగా వస్తాయి, జవాబు మాత్రం తప్పు. 356 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల (ఇక్కడి శక్తులన్నీ ఈ యూనిట్‌లోనే) గామా వెంటనే చాలాసార్లు 81 కూడా వస్తుంది. రెండూ ఒకేసారి డిటెక్టర్‌లో పడితే 437 దగ్గర దొంగ పీక్ లేస్తుంది, 356 కి కౌంట్లు తగ్గుతాయి. 303, 81 కలిస్తే ఇంకా మోసం: అసలైన 383.8 పీక్‌లోకే చేరిపోతాయి, కంటికి కనపడదు. 25 సెం.మీ. దూరం జరిపితే ఈ బెడద చాలావరకు పోతుంది; బదులుగా గంటల తరబడి కౌంటింగ్.

31 దగ్గరి ఎక్స్-కిరణాలూ ఇలాగే కలుస్తాయి. 1 మి.మీ. రాగి రేకు వాటిని ఆపేస్తుంది, కానీ 81 కూడా దాదాపు సగానికి పడిపోతుంది. కాబట్టి సామర్థ్యం కూడా అదే రేకుతో, అదే దూరంలో కొలవాలి. 79.6 పీక్ 81 కి అంటుకునే ఉంటుంది, రెండింటినీ కలిపే ఫిట్ చేయండి.

యాక్టివిటీని మాత్రం ఇదే స్పెక్ట్రమ్ నుంచి తీయకండి, కొలవాల్సిన సంభావ్యతనే ముందుగా వాడేసినట్టవుతుంది.