పక్క ఊరికీ సంత వచ్చాక: అట్లాంటిక్ సిటీ క్యాసినోల కథ

2005 వేసవిలో మా అమ్మానాన్నలు మొదటిసారి న్యూజెర్సీకి వచ్చినప్పుడు, ఇక్కడి తెలుగు కుటుంబాలలో అప్పటికే ఆనవాయితీగా మారిన యాత్రాక్రమాన్నే మేమూ పాటించాం: ముందుగా బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరస్వామి గుడి, తర్వాత స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ, ఆ పైన నయాగరా, చివరగా అట్లాంటిక్ సిటీ. నాన్నగారు వాణిజ్య పన్నుల శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసినవారు. ఉద్యోగంలో చాలా కాలం కాకినాడ ప్రాంతంలోనే గడవడంతో, పుదుచ్చేరి పాలన కింద ఉన్న యానాంలో తక్కువ పన్నుతో దొరికే మద్యం కోసం మన ఊళ్ళ జనం ఎలా సరిహద్దు దాటేవారో ఆయనకు కళ్ళారా తెలుసు. క్యాసినో లోపలి దీపాలనూ గంటల మోతనూ ఆయన పెద్దగా పట్టించుకోలేదు గానీ, బయటికి వచ్చాక పార్కింగు భవనంలో నిలబడి చాలాసేపు కార్ల నంబరు ప్లేట్లు చూశారు. వాటిలో పెన్సిల్వేనియావీ న్యూయార్కువీ లెక్కకు మించి కనిపించాయి. "వాళ్ళ రాష్ట్రంలో ఇది లేదా?" అని అడిగారు. ఇంకా లేదన్నాను. "రేపు అక్కడా పెడితే ఇంత దూరం ఎవరొస్తార్రా?" అన్నారు. అప్పట్లో నేను దానిని ఒక చెక్‌పోస్టు ఉద్యోగి అలవాటుగానే తీసుకున్నాను. తర్వాతి పదేళ్ళలో ఆ ఊరికి ఏం జరిగిందో చూశాక, పెట్టుబడి సంస్థలు వేల పేజీల నివేదికలలో పట్టుకోలేకపోయిన విషయం ఆ ఒక్క ప్రశ్నలో ఉందని అర్థమైంది.

అట్లాంటిక్ సిటీ పుట్టింది జూదం కోసం కాదు. 1870లో సముద్రతీరాన పరిచిన చెక్కదారి, అంటే నేటి బోర్డ్‌వాక్, దాని చుట్టూ వెలసిన హోటళ్ళు, ఫిలడెల్ఫియా నుంచి వచ్చే రైళ్ళు ఆ ఊరిని విహారకేంద్రంగా నిలబెట్టాయి. విమానప్రయాణం చవకై జనం ఫ్లోరిడా వైపు మళ్ళాక ఊరు శిథిలమవుతూ వచ్చింది. 1964లో డెమోక్రాటిక్ పార్టీ జాతీయ మహాసభ అక్కడ జరిగినప్పుడు, వచ్చిన పాత్రికేయులు ఊరి దుస్థితిని దేశమంతటికీ చూపించారు. రాష్ట్రమంతటా క్యాసినోలకు వీలు కల్పించే ప్రతిపాదనను న్యూజెర్సీ ఓటర్లు 1974లో తిరస్కరించి, ఒక్క అట్లాంటిక్ సిటీకే పరిమితం చేసినప్పుడు 1976లో ఆమోదించారు. 1978 మే 26న రిసార్ట్స్ ఇంటర్నేషనల్ తెరుచుకున్న రోజున, నెవాడాను మినహాయిస్తే అమెరికా మొత్తంలో చట్టబద్ధమైన క్యాసినో అదొక్కటే. అమెరికాలో అమ్మే మోనోపలీ ఆట అట్ట మీద ఉన్న వీధుల పేర్లు దాదాపు అన్నీ ఈ ఊరి వీధులవేనని చాలామందికి తెలియదు. గుత్తాధిపత్యం అనే పేరున్న ఆటకు ఇంతకన్నా తగిన ఊరు దొరికేది కాదేమో.

ఆ గుత్తాధిపత్యం నుంచి డబ్బు ఎలా వచ్చిందో కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే పతనానికి కారణం కూడా అందులోనే ఉంది. ఫిలడెల్ఫియా నుంచి ఆ ఊరు సుమారు 60 మైళ్ళు, న్యూయార్క్ నుంచి సుమారు 130 మైళ్ళు. క్యాసినోలను పోషించినది లాస్ వెగాస్‌లో లాగా విమానంలో వచ్చి నాలుగు రోజులు గడిపే యాత్రికుడు కాదు. ఉదయం బస్సెక్కి వచ్చి, ఐదారు గంటలు డబ్బు వేసి ఆడే స్లాట్ మెషీన్ల ముందు కూర్చుని, సాయంత్రానికి ఇల్లు చేరుకునే మనిషి. అతడు సంవత్సరానికి ఒకసారి కాదు, నెలకు రెండు మూడు సార్లు వస్తాడు. ఈ బస్సు ప్రయాణికులకు క్యాసినోలు నాణేలూ భోజనం కూపన్లూ ఇచ్చేవి. టికెట్టు డబ్బు అక్కడే చాలావరకు తిరిగి వచ్చేసేది. చుట్టుపక్కల ఊళ్ళలో విశ్రాంత జీవితం గడుపుతున్న వృద్ధులకు అది కాలక్షేపం, క్యాసినోకు అది నికరమైన రాబడి. అలాంటి మనిషి సముద్రం కోసం రాడు, సంగీత కచేరీ కోసం రాడు, ఆ రాత్రి గది తీసుకోడు. అతడికి కావలసినది దగ్గరలో ఉన్న మెషీను మాత్రమే. అంతకన్నా దగ్గరలో మరొకటి దొరికితే అతడిని ఆపగలిగినది ఏదీ ఆ ఊరిలో లేదు. వెగాస్ ప్రధాన వీధిలోని హోటళ్ళు అప్పటికే తమ ఆదాయంలో సగానికి పైగా గదులు, భోజనం, ప్రదర్శనల నుంచి సంపాదించడం నేర్చుకుంటే, అట్లాంటిక్ సిటీ మూడింట రెండు వంతులకు పైగా జూదం మీదే ఆధారపడి ఉండిపోయింది. దాదాపు మూడు దశాబ్దాల పాటు పోటీ లేని వ్యాపారం చేసినవారికి, వచ్చినవాడిని రెండో రోజు ఉంచడం ఎలాగో ఆలోచించవలసిన అవసరం కలగలేదు.

పొరుగువారు ఒక్కసారిగా రాలేదు. కనెక్టికట్‌లో ఆదివాసీ తెగలు నడిపే ఫాక్స్‌వుడ్స్ 1992లోనూ, మొహిగన్ సన్ 1996లోనూ తెరుచుకున్నాయి. డెలావేర్ 1995 చివరలో తన రేసుకోర్సులలో స్లాట్ మెషీన్లు పెట్టింది. ఇవి గీతలే తప్ప గాయాలు కావు. అసలు దెబ్బ పెన్సిల్వేనియా నుంచి వచ్చింది. ఇళ్ళ మీద ఆస్తిపన్ను భారం తగ్గిస్తానని గవర్నరుగా ఎన్నికైన ఎడ్ రెండెల్ హయాంలో, 2004 జూలైలో అక్కడి శాసనసభ స్లాట్ మెషీన్లకు చట్టం చేసింది. తమ రాష్ట్రపు వృద్ధుల డబ్బు ప్రతి వారం నది దాటి న్యూజెర్సీ ఖజానాలో పడుతుంటే చూస్తూ ఎందుకు ఊరుకోవాలన్నదే అక్కడ వినిపించిన ప్రధాన వాదన. మన రాష్ట్రాలలో మద్యం ధరల మీద జరిగే చర్చ విన్నవారికి ఇది కొత్తగా అనిపించదు. 2006 నవంబరులో మొదటి క్యాసినో, డిసెంబరులో ఫిలడెల్ఫియా అంచున బెన్సాలెంలో మరొకటి, తర్వాతి జనవరిలో చెస్టర్‌లో ఇంకొకటి మొదలయ్యాయి. న్యూజెర్సీ క్యాసినోల మీద రాష్ట్రపు పన్ను 8 శాతమైతే, పెన్సిల్వేనియా స్లాట్ మెషీన్ల రాబడిలో సగానికి పైగా పన్నుగా లాగుకుంది. అయినా అక్కడి వ్యాపారం సాగింది, ఎందుకంటే మెషీను ముందు కూర్చున్నవాడికి పన్ను రేటు కనిపించదు, ప్రయాణదూరం మాత్రమే కనిపిస్తుంది. బెత్లెహెంలో మూతపడిన ఉక్కు కర్మాగారం స్థలంలో 2009లో తెరిచిన క్యాసినోకు న్యూయార్క్ నగరంలోని చైనీయుల పేటల నుంచి బస్సులు నడిచాయి. అంటే అట్లాంటిక్ సిటీ బస్సుల విద్యను కూడా పొరుగువారు నేర్చేసుకున్నారన్నమాట. 2010లో పెన్సిల్వేనియా పేకాట, రూలెట్ వంటి టేబుల్ ఆటలను కూడా అనుమతించింది. 2012 నాటికి క్యాసినో రాబడిలో న్యూజెర్సీని దాటి దేశంలో నెవాడా తర్వాతి స్థానానికి చేరింది.

ఈ లోపల న్యూజెర్సీ క్యాసినోలు చేసిన ఒక పని నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. తమ సొంత రాష్ట్రంలోని రేసుకోర్సులకు స్లాట్ మెషీన్లు రాకుండా ఉండేందుకు, వాటికి ఏళ్ళ తరబడి కోట్ల డాలర్ల సబ్సిడీ చెల్లించాయి. వీధి గుమ్మానికి గొళ్ళెం బిగించి, పెరటి తలుపు బార్లా తెరిచి ఉంచినట్టయింది. ఆ పెరటి వైపునే న్యూయార్క్ కూడా వచ్చింది: 2006లో యాంకర్స్ రేసుకోర్సులో, 2011లో క్వీన్స్‌లోని ఆక్విడక్ట్‌లో మెషీన్లు వెలిశాయి. ఆక్విడక్ట్‌కు సబ్‌వే రైలు ఎక్కి వెళ్ళవచ్చు. కొద్ది కాలంలోనే అది దేశంలో అత్యధికంగా ఆర్జించే స్లాట్ హాళ్ళలో ఒకటయింది. మేరీలాండ్ 2010లో ఈ వరుసలో చేరింది.

అంకెలు చూస్తే తారీఖులు ఎంత కచ్చితంగా కలుస్తాయో తెలుస్తుంది. ఆడినవారికి గెలుపు చెల్లించగా క్యాసినోల దగ్గర మిగిలే మొత్తాన్నే ఈ రంగంలో రాబడి అంటారు. అట్లాంటిక్ సిటీలో అది 2006లో 520 కోట్ల డాలర్లతో శిఖరాన్ని తాకింది. పెన్సిల్వేనియా తలుపు తెరిచింది ఆ సంవత్సరం చివరలోనే. 2007లో, క్యాసినోలు మొదలైన నాటి నుంచి మొదటిసారిగా, వార్షిక రాబడి తగ్గింది. 2014కు అది 274 కోట్లకు దిగింది. ఆర్థిక మాంద్యం, పొగతాగడంపై వచ్చిన ఆంక్షలు, 2012 అక్టోబరు నాటి శాండీ తుపాను కారణాలని చాలామంది చెబుతారు. అవి తోడైన మాట నిజమే. కానీ మాంద్యం 2009లో ముగిసింది, ఆ తర్వాత కూడా ఈ ఊరి రాబడి ఏటేటా తగ్గుతూనే ఉంది, అదే సమయంలో పక్క రాష్ట్రపు రాబడి పెరిగింది. కాబట్టి మాంద్యాన్ని ప్రధాన కారణంగా నేను అంగీకరించను.

రెవెల్ అనే క్యాసినో హోటలు కథ చెప్పకపోతే ఈ విషయం పూర్తికాదు. పోటీకి జవాబుగా 240 కోట్ల డాలర్ల ఖర్చుతో, 47 అంతస్తులతో, సముద్రానికి ఎదురుగా అద్దాల భవనం కట్టారు. నిర్మాణం మధ్యలోనే మోర్గాన్ స్టాన్లీ సంస్థ వందకోట్ల డాలర్లకు పైగా నష్టాన్ని భరించి తప్పుకుంది. రాష్ట్ర ప్రభుత్వం 2011లో పన్ను రాయితీలు ప్రకటించి దానిని గట్టెక్కించింది. 2012 ఏప్రిల్‌లో తెరిచిన ఆ హోటలు బస్సు ప్రయాణికులను వద్దనుకుంది, బఫే భోజనం వద్దనుకుంది, లోపల ఎక్కడా పొగతాగనివ్వలేదు. సంపన్న విహారయాత్రికుడు వస్తాడని ఎదురుచూసింది. వెగాస్ పాఠాన్ని ఆలస్యంగా నేర్చుకున్నప్పటికీ ఆలోచన పూర్తిగా తప్పు కాదని నా అభిప్రాయం. అయితే అంత అప్పు మోస్తూ, కుంచించుకుపోతున్న బజారులో, ఉన్న గిరాకీని కాదని లేని గిరాకీ కోసం కాచుకోవడం ఎవరివల్లా అయ్యే పని కాదు. రెండేళ్ళలో రెండుసార్లు దివాలా పిటిషను వేసి, 2014 సెప్టెంబరు 2న మూతపడింది. మరుసటి సంవత్సరం 8.2 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది.

ఆ 2014లోనే పన్నెండు క్యాసినోలలో నాలుగు మూతపడ్డాయి: జనవరిలో అట్లాంటిక్ క్లబ్, ఆగస్టు చివరన షోబోట్, ఆ వెంటనే రెవెల్, సెప్టెంబరు మధ్యలో ట్రంప్ ప్లాజా. సుమారు 8,000 మంది ఉద్యోగాలు పోయాయి. గదులు శుభ్రం చేసేవారు, వంటవారు, కార్డులు పంచే డీలర్లు ఒకేసారి నిరుద్యోగ భృతి కోసం వరుసలో నిలబడ్డారు. ఊరి ఆస్తిపన్నులో సింహభాగం క్యాసినోలదే కావడంతో, వాటి విలువ పడిపోగానే పురపాలక ఖజానా కూడా కుప్పకూలింది. అధిక మదింపు జరిగిందంటూ క్యాసినోలు కోర్టుకెక్కి పాత పన్నులను తిరిగి రాబట్టుకోవడం మరో దెబ్బ. ఇది మాత్రం పొరుగువారు చేసినది కాదు. ఒకే పంట మీద బతికిన ఊరికి ఎప్పటికైనా తప్పనిది. 2016 నవంబరులో రాష్ట్రం ఊరి పాలనను తన చేతిలోకి తీసుకుంది. ఆ నెలలోనే ఉత్తర న్యూజెర్సీలో క్యాసినోలు పెట్టాలన్న ప్రతిపాదనను ఓటర్లు నాలుగింట మూడు వంతులకు మించిన ఓట్లతో తిరస్కరించారు. అంతకు నెల ముందు తాజ్ మహల్ క్యాసినో కూడా మూతపడింది.

ఇంకొక సంగతి కూడా గమనించాలి. నాలుగు మూతపడ్డాక, మిగిలిన ఎనిమిదింటి నిర్వహణ లాభం 2015లో పెరిగింది. ఆకులు ఎక్కువై వడ్డించేది తక్కువైన చోట కొన్ని ఆకులు లేచిపోతే మిగతావారి కడుపు నిండినట్టే. పైగా పోటీ తెచ్చినవారు కూడా పోటీకి అతీతులు కారు: మేరీలాండ్ క్యాసినోలు వచ్చాక డెలావేర్ రాబడి కరిగిపోయింది, ఫాక్స్‌వుడ్స్ 200 కోట్లకు మించిన అప్పును 2013లో పునర్వ్యవస్థీకరించుకోవలసి వచ్చింది, తర్వాత మసాచుసెట్స్ తన జనాన్ని తనే ఆపుకుంది. హైదరాబాదు నుంచి గోవా వెళ్ళి మాండవీ నదిలోని పడవ క్యాసినోలలో ఆడే మనవాళ్ళను చూసినప్పుడల్లా, గోవా ఇప్పుడు 1990ల అట్లాంటిక్ సిటీ స్థితిలో ఉందనిపిస్తుంది. చుట్టుపక్కల రాష్ట్రాలు నిషేధించినంత కాలమే ఆ పడవలు నిండుతాయి.

ప్రస్తుతం ఆ ఊరిలో తొమ్మిది క్యాసినోలు ఉన్నాయి. 2018లో ఒకే రోజున తాజ్ మహల్ హార్డ్ రాక్‌గానూ, రెవెల్ మరో పేరుతోనూ తిరిగి తెరుచుకున్నాయి. 2024లో అక్కడి క్యాసినోల లోపల కూర్చుని ఆడినవారి నుంచి వచ్చిన రాబడి 282 కోట్ల డాలర్లు. ధరల పెరుగుదలను లెక్కలోకి తీసుకుంటే అది 2006 నాటి మొత్తంలో మూడో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. న్యూజెర్సీ 2013 నవంబరు నుంచి అనుమతించిన ఆన్‌లైన్ జూదం మాత్రం అదే 2024లో 239 కోట్లు తెచ్చింది, కానీ అందులో పెద్ద భాగం యాప్‌లు నడిపే భాగస్వామ్య సంస్థలకు పోతుంది. అన్నిటికన్నా దగ్గరలో ఉన్న పోటీదారు ఇప్పుడు జేబులోనే ఉన్నాడు. దానికి బస్సు కూడా అక్కర్లేదు, గది ఊడ్చే మనిషీ అక్కర్లేదు.

ఆ మధ్య పిల్లలను తీసుకుని మళ్ళీ వెళ్ళాను. 2014లో మూతపడిన షోబోట్ ఇప్పుడు జూదం లేని హోటలు. దాని పక్కన 2023లో పైకప్పు కింద ఒక పెద్ద వాటర్ పార్కు కట్టారు. పిల్లలు బట్టలు మార్చుకుని వచ్చేలోపు, నాన్నగారి అలవాటు గుర్తొచ్చి, పార్కింగులో రెండు వరుసల నంబరు ప్లేట్లు లెక్కపెట్టాను. సగానికి కొంచెం తక్కువగా, పెన్సిల్వేనియావీ న్యూయార్కువీ ఉన్నాయి.