ముందు నీళ్ళు చూసుకోండి

మొక్కల రంగులతో స్కార్ఫులు అద్దేటప్పుడు ఎరుపు మట్టిరంగులోకి పోతోందంటే, తప్పు ఎరుపునిచ్చే మంజిష్ఠ వేరుది కాకపోవచ్చు. గాజు గ్లాసులో మీ బోరు నీళ్ళు పోసి చెంచాడు కరక్కాయ కషాయం కలపండి. నీలినలుపు తిరిగిందా, నీళ్ళలో ఇనుము ఉన్నట్టే. వాననీళ్ళు పట్టి పెట్టుకోవడం మేలు.

గంజి పోయేదాకా గుడ్డను ఉడకబెట్టాలి. 100 గ్రాముల నూలు స్కార్ఫుకి 20 గ్రాముల కరక్కాయ పొడి, లీటరు నీళ్ళు, పావు లీటరు చిక్కటి గేదె పాలు. అరగంట నాననిచ్చి, గట్టిగా పిండి, ఎండలో పరచండి. పాలలోని వెన్నే రంగును పాకనివ్వదు. నీళ్ళపాలు పోస్తే అచ్చు అంచులు చెదిరిపోతాయి.

నలుపుకి ఇనుప ముక్కలు బెల్లం నీళ్ళలో 15-20 రోజులు పులవాలి. మరీ దట్టంగా అద్దకండి, కొన్నేళ్ళకు గుడ్డ అక్కడే చిరుగుతుంది.

ఎరుపు పట్టాల్సిన చోట అద్దడానికి 100 మిల్లీలీటర్ల నీళ్ళలో 10 గ్రాముల పటిక, చిక్కబడేంత తుమ్మ బంక. అద్దాక మూడు రోజులు ఆరనిచ్చి పారే నీళ్ళలోనే జాడించాలి. టబ్బులో ముంచితే విడిపోయిన పటిక ఖాళీ చోట్ల మళ్ళీ పట్టుకుని, స్కార్ఫంతా గులాబీ మరకే. అందుకే నెల్లూరు వైపు కాలవకు నీళ్ళొదిలిన రోజుల్లో ఈ పని పెట్టుకోవడం నయం.

మంజిష్ఠ నీళ్ళు తెర్లకూడదు, ఆవిరి లేస్తే చాలు. గంటసేపు కలుపుతూనే ఉండాలి. అప్పటిదాకా కంటికి ఆనని, పటికతో అద్దిన పువ్వు ఆ లేత పసుపు గుడ్డమీద మెల్లగా ఎర్రబడుతుంది. ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.