కరిగెట మొదలుగాకముందే ట్రాక్టర్ క్లచ్ ఇంటికాడనే మార్చుకున్నం: నా అనుభవం

సాగర్ ఎడమ కాల్వకు నీళ్లు వదిలినంక మా నిడమనూరు దిక్కు ట్రాక్టర్లకు ఊపిరి సలపదు. మా పాత బండికేమో యాసంగిలనే క్లచ్ జారుడు మొదలైంది. బురదల దిగబడకుండ ఉండే ఇనుప కేజ్ వీల్స్ ఏసి కరిగెటల, అంటే నాట్లకు బురద దున్నుడుకు, దింపితే ఇంజన్ రేస్ అయితది, బండి కదలదు, కాలిన వాసనొస్తది. పెడల్ ఫ్రీ ప్లే (క్లచ్ మీద పని చేయకముందు పెడల్ ఖాళీగ దిగే దూరం) సరిచేసినా లాభం లేకపాయె. సీజన్ల షెడ్డుకు తోలితే నాట్లు అయ్యేదాకా చేతికి రాదు. లారీ షెడ్ల పనిచేసి వచ్చిన మా సిన్నాయన అండ ఉండె, అందుకే సిమెంటు కల్లం మీద మేమే విప్పినం.

క్లచ్ చేతికి అందాలంటే బండిని ఇంజన్‌కు, గేర్‌బాక్స్‌కు నడుమ రెండుగ విడదీయాలె. బ్యాటరీ, వైర్లు, డీజిల్ పైపులు, స్టీరింగ్ రాడ్ విప్పుడు పెద్ద పని కాదు. పానం మీదికి వచ్చేది ఆ తర్వాతనే. ముందు ఇరుసు నడుమ పిన్ను మీద అటూ ఇటూ ఊగుతది. బండి ఒక్కటిగ ఉన్నప్పుడు ఏం కాదు గని, విడిపోయినంక ఇంజన్ పక్కకు ఒరిగి మనిషి మీద పడుతది. అందుకని బోల్టులు వదులు చేయకముందే ఇరుసుకు, పైన ఫ్రేముకు నడుమ రెండు దిక్కులా చెక్కలు బిగ్గర కొట్టినం. గేర్‌బాక్స్ కింద తుమ్మ మొద్దులు, ఇంజన్ కింద చక్రాల జాకీ. ఇటుకలు మాత్రం పెట్టొద్దు, ఆ బరువుకు పగుల్తయి.

తెరిచి చూస్తే క్లచ్ ప్లేట్ రివెట్ల దాకా అరిగి, నూనె పట్టి నల్లగ మెరుస్తున్నది. ప్లేట్ ఒక్కటి మారిస్తే మళ్లీ అదే గతి, ముందు నూనె యాడికెళ్లి వస్తున్నదో చూడాలె. గేర్ ఆయిల్ చిక్కగ ఉంటది. ఇది పల్చగ, మసి లెక్క ఉన్నది, అంటే ఇంజన్ ఆయిలే. ఇంజన్ వెనుక తిరిగే బరువైన చక్రం, ఫ్లైవీల్, గుర్తు పెట్టుకుని దించితే దాని వెనుక నూనెను ఆపే సీల్ గట్టిబడి చిట్లిపోయి ఉంది. క్లచ్‌ను కప్పి ఉండే హౌసింగ్ అడుగున స్ప్లిట్ పిన్ను వేలాడే చిన్న బొక్క ఒకటుంటది, కారిన నూనె బయటికి పోయేది దాంట్లకెళ్లే. బురద ఎండి అది మూసుకపోయింది. నూనె చుక్క కింద పడకపాయె, లోపల సీల్ పోయిన సంగతి మాకెట్ల తెలుస్తది?

ప్లేట్ మీది పాత లైనింగుల ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, అందుకే ఆ దుమ్మును గాలితో ఊదలేదు, తడి గుడ్డతో తుడిచినం. ఫ్లైవీల్ మీద వేడికి నీలం మచ్చలు పడ్డయి, మిర్యాలగూడల లేత్ పట్టించి, అక్కడే సామాను తెచ్చుకున్నం: క్లచ్ ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్, సీల్. బేరింగ్ తిరుగుతున్నది గదా అని పాతది ఉంచితే, అది పోయిననాడు బండిని మళ్లీ రెండు ముక్కలు చేయాలె.

బిగించేటప్పుడు ప్లేట్ ఏ మొఖం ఫ్లైవీల్ దిక్కు ఉండాల్నో చూసుకుని, పాత గేర్‌బాక్స్ షాఫ్ట్ ముక్క దూర్చి నడిమికి తెచ్చినం. ప్రెషర్ ప్లేట్ బోల్టులు ఎదురెదురుగ, కొంచెం కొంచెం బిగించినం. ప్రెషర్ ప్లేట్ మీద క్లచ్‌ను విడిపించే మీటలు, అంటే ఫింగర్లు, అన్నీ ఒకే ఎత్తుల ఉన్నయా అని స్కేలు పెట్టి చూసుడు తప్పనిసరి. షాఫ్ట్ మీది గాళ్లకు (స్ప్లైన్) గ్రీజు వేలికంటినంతే, ఎక్కువైతే ఎగిరి ప్లేట్ మీద పడుతది.

కలిపేకాడ ఓపిక కావాలె. అంగుళం సందు మిగిలి ఆగిపోతే బోల్టులతోని గుంజబుద్ధి అయితది. సిన్నాయన నా చేతుల పానా పట్టుకుని, "గుంజకు బిడ్డా, హౌసింగ్ పగుల్తది. ఫ్లైవీల్ మెల్లగ తిప్పు, షాఫ్ట్ దానంతట అదే దూరాలె" అన్నడు. నేను ఫ్లైవీల్ పండ్లను స్క్రూడ్రైవర్‌తో కొంచెం కొంచెం జరుపుతుంటే ఆయన జాకీ వెంట్రుకవాసి లేపిండు. టక్కుమని రెండు మొఖాలు కలిసినయి.

పెడల్ ఫ్రీ ప్లే మా బండికి సుమారు 25 మిల్లీమీటర్లు పెట్టినం. మొదట్ల ఖాళీ ట్రాలీతో నడిపి, తర్వాతనే కరిగెటల దింపినం. ఇప్పుడు కేజ్ వీల్స్ కడిగినప్పుడల్లా ఆ స్ప్లిట్ పిన్నును కూడ కదిలించి బురద తీస్తున్నం.