వెనక వరుస, కుడి చివర

ఆ రోజు వాన తగ్గేదాకా ఆగుదామని లైబ్రరీలోకి వెళ్లాం. లోపల హాల్లో పాత ఫోటోల ప్రదర్శన పెట్టారు. మేమిప్పుడు ఉంటున్న, పరాయి దేశంలోని ఈ ఊళ్లో యాభై అరవై ఏళ్ల క్రితం తీసిన ఫోటోలు. దుకాణం గుమ్మంలో నిలబడ్డ కుటుంబాలు, కప్పు పట్టుకున్న ఫుట్‌బాల్ జట్టు, కొత్త బడి ముందు వరుసగా కూర్చున్న పిల్లలు. ప్రతి ఫోటో కింద ఎడమ నుంచి కుడికి పేర్లు.

మా అమ్మాయికి 13 ఏళ్లు. నాలుగు గోడలూ తిరిగి వచ్చి, "వీళ్లల్లో మనలాంటివాళ్లు ఒక్కరూ లేరేంటమ్మా?" అంది. "అప్పటికి మనవాళ్లు ఇంకా రాలేదు కదా" అన్నాను. ఎప్పుడూ చెప్పే జవాబే, ఆలోచించకుండా వచ్చేసింది. అది తప్పని అయిదు నిమిషాల్లో తనే చూపించింది.

1978 నాటి చెస్ క్లబ్ ఫోటో అది. రెండు వరుసల్లో పద్నాలుగు మంది. కింద పదమూడు పేర్లున్నాయి. ఆ తర్వాత "వెనక వరుస, కుడి చివర: పేరు తెలియదు" అని ఉంది. ఆ మనిషి ముఖం వెనకున్న ముదురు రంగు తెరలో దాదాపు కలిసిపోయింది. కళ్లు, చొక్కా కాలరు మాత్రం తెలుస్తున్నాయి. మా అమ్మాయి ముఖం చూడలేదు, చేతులు చూసింది. కుడిచేత్తో ఎడమ మణికట్టు పట్టుకుని నిలబడ్డాడాయన. "చిన్న తాతయ్య!" అని అరిచింది. హాల్లో అందరూ మా వైపు తిరిగారు.

చిన్న తాతయ్యంటే మా వారి బాబాయి, నాకు చినమావయ్యగారు. మా కంటే చాలా ముందు, డెబ్బైలలోనే ఈ దేశం వచ్చి, మొదట ఈ ఊళ్లోనే నాలుగేళ్లు పనిచేశారు. ఇప్పుడు 76 ఏళ్లు, వేరే ఊళ్లో కొడుకు దగ్గర ఉంటున్నారు. ఇప్పటికీ ఎక్కడ నిలబడ్డా మణికట్టు అలాగే పట్టుకుంటారు.

"మిగతా వాళ్లందరూ కనపడుతున్నారు, తాతయ్య ముఖం ఒక్కటే ఎందుకు చీకటైపోయింది?" అని దారంతా అడుగుతూనే ఉంది. ఆ సంగతి నాకు కొంత తెలుసు, చదివాను. అప్పటి కలర్ ఫిల్మును, ప్రింట్ల రంగులను తెల్లని చర్మానికి సరిపోయేలా తయారుచేశారు. కోడాక్ సంస్థ ల్యాబులకు ఒక నమూనా ఫోటో పంపేది. అందులో ఒక తెల్లజాతి యువతి ఉండేది. మొదటి మోడల్ పేరు మీదుగా వాటిని 'షిర్లీ కార్డులు' అనేవాళ్లు. ఆమె ఒంటి రంగు సరిగ్గా వస్తే ప్రింటు బాగా వచ్చినట్టు లెక్క. ముదురు చర్మం, లేత చర్మం ఒకే ఫోటోలో ఉంటే ముదురు ముఖాల్లోని వివరాలు పోయేవి. నల్లజాతి తల్లులు తమ పిల్లల బడి ఫోటోలు ఇలా ఉన్నాయేమిటని ఫిర్యాదు చేశారు. చివరికి ఫిల్ము మెరుగుపడటానికి ఎక్కువ ఒత్తిడి తెచ్చింది మాత్రం చాక్లెట్ కంపెనీలు, చెక్క సామాను కంపెనీలు. తమ సరుకు ముదురు రంగుల్లో తేడాలు ఫోటోల్లో కనపడటం లేదని వాళ్లు అడిగారు. రకరకాల చర్మ రంగుల మనుషులతో కోడాక్ నమూనా కార్డు వచ్చింది తొంభైలలో.

ఇదంతా చెబితే మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. నేనూ ఏమీ కలపలేదు. తన బడి గ్రూప్ ఫోటోల్లో తాను బాగా పడలేదని రెండేళ్లుగా వాటిని దాచేస్తోందని నాకు తెలుసు. ఫోటో సరిగ్గా రాకపోవడంలో ముఖం తప్పేమీ లేదన్న మాట నేను పది సార్లు చెప్పినా ఎక్కలేదు. చెస్ క్లబ్ ఫోటో ముందు ఎక్కింది.

ఆ సాయంత్రం చినమావయ్యగారికి ఫోన్ చేశాం. "ఆ ఫోటో ఇంకా ఉందా? నా దగ్గర లేదే తల్లీ" అన్నారు. గొంతు మారిపోయింది. ప్రతి శుక్రవారం రాత్రీ ఆడేవారట. "ఆ నాలుగేళ్లలో నా పేరు పూర్తిగా పలికినవాడు ఒక్కడూ లేడమ్మా. కానీ ఒక్క శుక్రవారం నేను వెళ్లకపోతే ఇంటికొచ్చి తలుపు కొట్టేవాళ్లు, ఒంట్లో బాగుందా అని." ఇన్నేళ్లలో ఆ క్లబ్బు గురించి మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

మా అత్తగారింటి ఆల్బమ్‌లో ఆయన ఫోటో ఒకటుంది. సూటు, టై, కుర్చీ మీద చెయ్యి, వెనక పుస్తకాల బీరువా. స్టూడియోలో దిగి ఇంటికి పంపిన ఫోటో. మా వారు చిన్నప్పుడు విదేశం అంటే ఆ కోటే అనుకునేవారట. ఆ కోటు సంగతి కూడా ఆ ఫోన్లోనే తెలిసింది. అది గదిలో తనతో ఉన్న స్నేహితుడిది. గదిలోని ముగ్గురూ ఒకే రోజు, ఒకే కోటులో, వంతులవారీగా ఫోటో దిగి ముగ్గురి ఇళ్లకూ పంపారు. బీరువా గుడ్డ మీద వేసిన బొమ్మ.

ఇది ఆయన ఒక్కరి కథ కాదు. ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో బెల్ వ్యూ అని ఒక స్టూడియో ఉండేది. 1926లో తెరిచారు, 1975లో మూసేశారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడి మిల్లుల్లో, బస్సుల్లో, ఆసుపత్రుల్లో పనికి వచ్చిన వలస జనం ఇళ్లకు పంపడానికి అక్కడే ఫోటోలు దిగేవాళ్లు. జేబులో పెన్ను, చేతికి గడియారం, పక్కన బ్రీఫ్‌కేసు. బాగున్నాం, దిగులుపడకండి అని ఇంటివాళ్లకు చెప్పే పద్ధతి అది. ఆ స్టూడియో గాజు నెగెటివ్‌లు సుమారు 17,000 మిగిలాయి. ఇప్పుడు బ్రాడ్‌ఫర్డ్ మ్యూజియం వాళ్లు వాటిని కాపాడుతున్నారు. ఆ ముఖాలను ఎంతసేపు చూసినా నాకు తనివి తీరదు. ప్రతి ఒక్కరూ కెమెరా అవతల ఉన్న అమ్మను చూస్తున్నట్టే ఉంటారు.

మేం చేసింది మాత్రం వేరేనా? ఫ్యామిలీ గ్రూపులో మేం పెట్టిన ఫోటోలన్నీ వెనక్కి తిప్పి చూశాను. మా వారికి ఉద్యోగం పోయి 14 నెలలు ఇంట్లో ఉన్న కాలం ఒకటుంది. ఆ 14 నెలల్లో మేం తీసినవి పదకొండు ఫోటోలు. అన్నీ పుట్టినరోజులే, అన్నిటిలో అందరం నవ్వుతున్నాం. అప్పుడు అమ్మాయికి అయిదేళ్లు. ఏమీ తెలియదనే అనుకున్నాం. మొన్న అడిగితే, "నాన్న పగలంతా ఇంట్లోనే ఉండేవాడు, నన్ను బడికి నడిపించుకుని తీసుకెళ్లేవాడు. నాకదే బాగుండేది" అంది. మేం దాచిన రోజుల్నే తను దాచుకుంది. ఆ నడకకు ఒక్క ఫోటో లేదు. ఆ లోటు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో మార్షల్ డ్యూక్, రాబిన్ ఫివుష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇరవై ప్రశ్నలు తయారుచేశారు. మీ అమ్మానాన్నలు ఎలా కలిశారో తెలుసా, తాతలు, నానమ్మలు ఎక్కడ పెరిగారో తెలుసా, మంచి, చెడు అనుభవాల నుంచి అమ్మానాన్నలు ఏం నేర్చుకున్నారో తెలుసా, ఇలాంటివి. ఎక్కువ జవాబులు తెలిసిన పిల్లల్లో ఆత్మగౌరవం ఎక్కువగా కనపడింది. జవాబులు బట్టీ పట్టిస్తే సరిపోదని వాళ్లే చెప్పారు. ఆ జవాబులు తెలియాలంటే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి, అసలు బలం ఆ మాటల్లో ఉంది. చెడు అనుభవాల గురించిన ప్రశ్న కూడా ఆ ఇరవైలో ఉందని చూశాక, ఉద్యోగం పోయిన సంగతి ఇద్దరు పిల్లలకూ మొత్తం చెప్పేశాం.

అత్తగారి దగ్గరి ఆల్బమ్‌లు తెప్పించుకున్నాం. జిగురు పేజీల మీద ఫోటో అంటించి పైన ప్లాస్టిక్ కాగితం మూసే రకం, ఎనభైలలో ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. ఫోటోలకు అది మంచిది కాదు. జిగురు పసుపెక్కి ఫోటోను పట్టేస్తుంది. వేళ్లతో లాగితే చిరుగుతుంది. మైనం లేని డెంటల్ ఫ్లాస్ దారాన్ని ఫోటో కింద మెల్లగా అటూ ఇటూ రంపంలా జరిపితే ఊడి వస్తుంది. అస్సలు రానివాటిని పేజీతో సహా స్కాన్ చేసి వదిలేశాం. కలర్ ప్రింట్లు చీకట్లో దాచినా వెలుస్తాయని నాకు ముందు తెలియదు. వేడి ఎక్కువైతే మరీ త్వరగా పోతాయి. చాలా వాటిలో నీలం రంగు ముందు పోయి ఫోటో అంతా ఎర్రబారుతుంది. అందుకే అటక మీద పెట్టకూడదు.

స్కాన్ 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున చేశాం. చిన్న సైజు ఫోటోలైతే ఇంకా ఎక్కువ పెట్టాం. ఇంకో సంగతి, కొన్ని ప్రింట్ల అంచున నెల, ఏడాది అచ్చయి ఉంటాయి. అది ల్యాబులో ప్రింటు వేసిన తేదీ. ఫోటో దిగిన తేదీ అనుకుని మేం ఒక పెళ్లిని ఆరు నెలలు ఆలస్యంగా జరిపించేశాం. అత్తగారు సరిచేశారు.

నా దృష్టిలో ఈ పని మొత్తంలో ముఖ్యమైనది పేరు రాయడం. ఫోటో మసకబారినా మనిషి ఎవరో తెలిస్తే చాలు. పేరు పోతే, ఎంత స్పష్టంగా ఉన్నా ఆ ఫోటో ఎవరిదీ కాకుండా పోతుంది. బాల్‌పెన్నుతో వెనక రాస్తే అచ్చు ముందుకు లేస్తుంది, సిరా పాకుతుంది. పాత కాగితం ప్రింట్ల వెనక మెత్తటి పెన్సిల్‌తో రాయవచ్చు. డెబ్బైల నుంచి వచ్చిన నున్నటి ప్రింట్ల మీద పెన్సిల్ పట్టదు. వాటికి పేర్లు వేరే కాగితం మీద రాసి, ఆమ్లం లేని కవరులో ఫోటోతో కలిపి పెట్టాం.

పేర్ల కోసం ప్రతి ఆదివారం అత్తగారికి వీడియో కాల్. "ఈ ఎర్ర చీర ఎవరు నానమ్మా?" "మీ తాతయ్య మేనత్త తోటికోడలు." మా అమ్మాయి మొదట ఇంగ్లీషులో 'ఆంటీ' అని రాసుకుంది. పది ఫోటోలయ్యేసరికి పదిహేను మంది ఆంటీలు పోగయ్యారు, ఎవరెవరో తనకే అర్థం కాలేదు. అప్పుడు తనంతట తానే పిన్ని, పెద్దమ్మ, అత్త, మేనత్త, తోటికోడలు అని తెలుగులో రాయడం మొదలుపెట్టింది. మూడేళ్లు వర్ణమాల పుస్తకం ముందేసుకుని కూర్చోబెట్టి నేను సాధించలేనిది ఇది. అవసరం పడితే పిల్లలు నేర్చుకుంటారు, అవసరం మనమే చూపించాలి.

తొమ్మిదేళ్ల మా అబ్బాయికి ఈ చుట్టాలెవరూ పట్టరు. వాడికి నెగెటివ్‌లు కావాలి. దీపానికి ఎదురు పెట్టి చూస్తాడు, ఫోన్లో రంగులు తిరగేసి మనుషుల్ని బయటికి తెస్తాడు. వాడి దారిలో వాణ్ణి వదిలేశాం.

లైబ్రరీలో ఆ ప్రదర్శన చూసుకునే ఆవిడకు చినమావయ్యగారి సంగతి చెప్పాం. ఎంతో సంతోషించింది. ఫోటోను పెద్ద స్కాన్ తీసి ఇచ్చింది. మా అమ్మాయి ఆ చీకటి భాగాన్ని కొద్దికొద్దిగా వెలిగించింది. చొక్కా మీది ముఖం మెల్లగా తేలింది. చిన్న తాతయ్య నవ్వుతున్నాడు. స్టూడియో ఫోటోలో నవ్వు లేదు.

మీ ఇంట్లో ఇంకా ఇలాంటివుంటే తీసుకురండి, స్కాన్ చేసి వెనక్కిచ్చేస్తాం అని ఆవిడ అడిగింది. అమెరికాలో 2008లో మొదలైన సౌత్ ఏషియన్ అమెరికన్ డిజిటల్ ఆర్కైవ్ కూడా ఇదే పద్ధతి పాటిస్తుంది, అసలు ఫోటో కుటుంబం దగ్గరే ఉంటుంది. మేం ముప్ఫై రెండు ఇచ్చాం. ఇచ్చేముందు పిల్లల్ని అడిగాం. తన ఫోటోలు రెండు వద్దంది అమ్మాయి, తీసేశాం. "మనం వీటిలో ఎందుకు లేం" అని తను అడిగిన ప్రశ్నకు జవాబు కోసం నేను ఇన్నాళ్లూ ఊరివాళ్లవైపే చూశాను. మన ఫోటోలన్నీ మన బీరువాల్లో పెట్టుకుని, ఊరికి ఒక్కటీ ఇవ్వలేదు కదా.

కొత్త చీటీలో ఏ పేరు వేయాలని లైబ్రరీవాళ్లు అడిగారు. క్లబ్బులో ఆయన్ని ఒకే అక్షరం ముక్కతో పిలిచేవారట. మా అమ్మాయి ఆయన్నే అడిగింది. కాసేపు ఆలోచించి, "ఇంటిపేరుతో సహా పూర్తిగా వెయ్యమను. పక్కన వాళ్లు పిలిచిన పేరు కూడా వెయ్యి. పాతవాళ్లెవరైనా చూస్తే ఆ పేరుతోనే గుర్తుపడతారు" అన్నారు.

తర్వాత ఫోటోను ఫోన్లో పెద్దది చేయమన్నారు. ఎడమవైపు తలుపు దగ్గర, సగం బయట, ఒక పెద్దావిడ ఉంది. పాత చీటీలో ఆవిడ ప్రస్తావనే లేదు. పేరు తెలియదని కూడా రాయలేదు. రాత్రి ఆట ముగిసేదాకా ఉండి హాలు తాళాలు వేసేది ఆవిడేనట. ఆవిడ పేరు, ఇంటిపేరు తడుముకోకుండా చెప్పారు.

కొత్త చీటీ అంటించిన రోజు ఫోటో తీసి పంపాం. పది నిమిషాలకు ఫోన్ వచ్చింది. తన పేరు గురించి ఒక్క మాట అడగలేదు.

"తలుపు దగ్గరావిడ పేరు స్పెల్లింగు సరిచూశావా తల్లీ?"

"చూశాను తాతయ్యా. రెండుసార్లు."